అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ: ఓటు మీ దగ్గరుంది, సమస్య మా దగ్గరుంది

అధ్యక్షులు, మాజీ అధ్యక్షులు, బోర్డు డైరెక్టర్లు, ట్రస్టీలు, రీజినల్ కోఆర్డినేటర్లు అందరికీ నమస్కారం అండి. ఏ సంఘం పేరూ రాయట్లేదు, ఇది ఒక్క సంఘం గొడవ కాదు కాబట్టి. ఒకరి పేరు రాస్తే మిగతావాళ్ళు "హమ్మయ్య, మమ్మల్ని కాదులే" అనుకుని పక్కకి జరుగుతారు.

మేము గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న తెలుగు కుటుంబాలం. టెక్సాస్ వాళ్ళున్నారు, న్యూజెర్సీ, నార్త్ కరోలినా, వర్జీనియా వాళ్ళున్నారు. పోయిన కన్వెన్షన్ ముందు మీలో చాలామందికి మెయిళ్ళు పెట్టాం, ఇమ్మిగ్రేషన్ మీద మెయిన్ స్టేజ్ మీద ఒక గంట ఇవ్వండి, పిల్లల ఏజ్-అవుట్ సమస్య (21 నిండగానే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కేసులోంచి పడిపోవడం) మీద ఒక తీర్మానం చేయండి అని. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే "తప్పకుండా చూద్దాం బ్రదర్" అన్నారు. చూశారు కూడా, ఎలా అంటే ఒక లాయర్ గారికి ఎక్కడో మూలన చిన్న రూమ్‌లో సరిగ్గా భోజనాల టైమ్‌లో స్లాట్ ఇచ్చారు, అదే టైమ్‌లో పక్క హాల్లో సినిమావాళ్ళతో ఫొటోలు, ఇంక ఆ రూమ్‌కి ఎవరొస్తారండి. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

మీరు చేసే మంచిని కాదనట్లేదు. ఎవరైనా యాక్సిడెంట్‌లో పోతే బాడీ ఇండియా చేరేదాకా నిద్రపోకుండా తిరిగే వాలంటీర్లు మీలోనే ఉన్నారు. 2019లో ఫార్మింగ్టన్ ఫేక్ యూనివర్సిటీ కేసులో మన పిల్లలు డిటెన్షన్‌లో పడ్డప్పుడు వాళ్ళకోసం లాయర్లని వెతికింది కూడా తెలుగువాళ్ళే. దానికి దణ్ణం. కానీ అదంతా ఇల్లు కాలాక నీళ్ళు మోయడమే కదా, కాలకుండా చూడమని అడిగితే మాత్రం "అది పాలిటిక్స్, మనకెందుకు" అంటున్నారు.

విషయం సూటిగా చెప్పేస్తాం. సంఘాలు నడిపేవాళ్ళలో ఎక్కువమంది తొంభైల్లోనో, రెండువేల మొదట్లోనో వచ్చి, గ్రీన్‌కార్డు తెచ్చుకుని, తర్వాత సిటిజన్లు అయినవాళ్ళు. పార్కింగ్ దగ్గర జాకెట్ వేసుకుని నిలబడేవాళ్ళు, పులిహోర వడ్డించేవాళ్ళు, పిల్లల డాన్సులకి రిహార్సల్స్ చేయించేవాళ్ళు ఎక్కువమంది వీసాల మీద ఉన్న మేము. మీ కాంగ్రెస్‌మాన్ మీ మాట వింటాడు, మీరు ఓటేస్తారు, డొనేషన్ ఇస్తారు కాబట్టి. మా మాట ఎందుకు వింటాడు? అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాం.

చాలా ఏళ్ళ క్రితమే కార్డు తెచ్చుకున్నవాళ్ళకి లైన్ ఇప్పుడు ఎలా ఉందో తెలీదని అర్థమయ్యింది (ఒక పెద్దాయన "అదేంటి, నాలుగైదేళ్ళలో వచ్చేస్తుంది కదా" అన్నారు నిజంగా), అందుకే లెక్క చెప్తాం. 1990 చట్టం ప్రకారం ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. ఇందులోనే భార్య, భర్త, పిల్లలు కూడా లెక్క, అంటే అసలు ఉద్యోగులకి వచ్చేది సగం కంటే తక్కువే. పైగా ఏ దేశానికైనా ఏడు శాతమే, నాలుగు లక్షల మంది ఉండే ఐస్‌లాండ్‌కీ అంతే, 140 కోట్ల మందికి పైగా ఉన్న ఇండియాకీ అంతే. మనవాళ్ళు ఎక్కువ ఉండే ఈబీ-2లో (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల కేటగిరీ) అది ఏడాదికి సుమారు 2,800 వస్తుంది, మిగతా దేశాలు వాడుకోనివి ఏమన్నా ఉంటే అవి అదనం. ఇటేమో హెచ్ వన్ (కంపెనీ ఉద్యోగం మీద వచ్చే టెంపరరీ వీసా) కోటాని 1999లో 1,15,000కి, 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000కి పెంచారు, ఆ తర్వాత 65,000, దానికి ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. అంటే లోపలికి వచ్చే గేటు కొన్నేళ్ళు బాగా పెద్దది చేశారు, గ్రీన్‌కార్డు ఇచ్చే గేటు మాత్రం 1990లో ఎంతుందో ఇప్పుడూ అంతే. కేటో ఇన్‌స్టిట్యూట్ అనే అధ్యయన సంస్థ వాళ్ళు 2023లో లెక్కేస్తే ఈ క్యూలో 18 లక్షల కేసులు ఉన్నాయి, అందులో 11 లక్షలు ఇండియా వాళ్ళవి, కొత్తగా ఇప్పుడు చేరే ఇండియన్‌కి 134 ఏళ్ళు పడుతుందట. తిరుమల కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నా గేటు ఎప్పుడు తీస్తారో బోర్డు పెడతారు, ఇక్కడ పెట్టిన బోర్డు కూడా వెనక్కి నడుస్తుంది: 2022లో ఈబీ-2 ఇండియా తేదీ (ఆలోపు అప్లై చేసినవాళ్ళ వంతు వచ్చినట్టు) 2014 డిసెంబర్ దాకా వచ్చింది, అందరం మెడికల్స్ చేయించుకుని పేపర్లు సర్దుకున్నాం, 2023 మధ్యకొచ్చేసరికి అది 2011 జనవరికి పోయింది. 2025 అంతా పాకి పాకి 2013లో అడుగుపెట్టింది. ఇంకో సంగతి, కోవిడ్ వల్ల ఫ్యామిలీ కోటా మిగిలిపోయి ఉద్యోగాల కోటాకి వస్తే 2021లో దాదాపు 66,000 కార్డులు ఆఫీసుల్లో ప్రాసెస్ చేయలేక వృథాగా పోయాయి. అప్పుడు ఎన్ని తెలుగు సంఘాలు కనీసం ఒక ఖండన ప్రకటన ఇచ్చాయో మీరే చెప్పండి.

ఇప్పుడు దీనివల్ల మామూలు ఇళ్ళల్లో ఏం జరుగుతోందో రాస్తాం.

1. పిల్లలు. మొదటిది, ముఖ్యమైనది ఇదే, మిగతావన్నీ పక్కన పెట్టినా దీన్ని పక్కన పెట్టలేం. రెండేళ్ళకో మూడేళ్ళకో అమ్మానాన్నల చంకన ఎక్కి వచ్చిన పిల్లలు, ఇక్కడే కిండర్‌గార్టెన్ నుంచి చదివి, పొద్దున్నే క్లాసులో జెండాకి ప్రమాణం చేసి, మీరు పెట్టే స్పెల్లింగ్ బీల్లో, తెలుగు పద్యాల పోటీల్లో ప్రైజులు తెచ్చుకున్న పిల్లలు, 21 నిండగానే తల్లిదండ్రుల కేసులోంచి బయటికి పడిపోతారు. వాళ్ళ హెచ్ ఫోర్ (హెచ్ వన్ వాళ్ళ భార్యా పిల్లలకి ఇచ్చే డిపెండెంట్ వీసా) అయిపోతుంది. ఉండాలంటే స్టూడెంట్ వీసాకి మారాలి, దానికేమో చదువు అవ్వగానే సొంత దేశానికి వెళ్ళిపోతాను అని చూపించాలి. ఊహ తెలిసిన దగ్గర్నుంచి డాలస్‌లో పెరిగిన పిల్ల, అమ్మమ్మ ఇంటికి సెలవులకి వెళ్ళడం తప్ప ఇండియా తెలియని పిల్ల, నా సొంత ఊరు ఖమ్మం అండి, అక్కడికే వెళ్ళిపోతాను అని ఆఫీసర్‌ని నమ్మించాలి. హెచ్ ఫోర్‌లో ఉన్నంత కాలం క్లాస్‌మేట్స్ ఐస్‌క్రీమ్ షాపులో పార్ట్‌టైమ్ చేస్తుంటే వీళ్ళు చేయకూడదు. ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ రాదు. 21 దాటి స్టూడెంట్ వీసాకి మారాక చాలాచోట్ల ఇంటర్నేషనల్ ఫీజు, వీధి చివర ఉన్న స్టేట్ యూనివర్సిటీకే. చదువు అయ్యాక ఏడాది ఓపీటీ (స్టూడెంట్లకి ఇచ్చే పని అనుమతి), స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ లాంటి చదువులు) అయితే ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత హెచ్ వన్ లాటరీ, అది తగిలితే మళ్ళీ కొత్త గ్రీన్‌కార్డు క్యూలో అందరికంటే వెనక. తండ్రి క్యూలో నిలబడ్డ అన్నేళ్ళూ ఆ పిల్లకి సున్నా.

2002లో వచ్చిన చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ కొంచెం కాపాడుతుంది. ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో రెండు చార్టులు ఉంటాయి కదా, 2023 ఫిబ్రవరిలో పిల్లల వయసు లెక్కకి ముందు వచ్చే చార్టు తీసుకుంటామన్నారు, దానితో చాలామంది పిల్లలు ఒడ్డున పడ్డారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్ళీ పాత లెక్కే అన్నారు. ఒక్క పాలసీ నోట్‌తో మా బిల్డింగ్‌లోనే ఒకే క్లాసు చదివే ఇద్దరు పిల్లల్లో ఒకడు మిగిలాడు, ఒకడు పోయాడు. ఇలాంటి పిల్లలు రెండున్నర లక్షల దాకా ఉంటారని వాళ్ళ కోసం పనిచేసేవాళ్ళ అంచనా.

ఇళ్ళల్లో ఇంకో చిత్రం ఉంది. అక్క ఇండియాలో పుట్టింది, తమ్ముడు ఇక్కడ పుట్టాడు. వాడికి నీలం పాస్‌పోర్టు, దానికి వీసా ముద్రలు. ఒకే టేబుల్ మీద అన్నం తినే ఇద్దరిలో ఒకరికి ఈ దేశం పుట్టిల్లు, ఇంకొకరికి గడువు. ఇక్కడ కుదరట్లేదు, ఇంజనీరింగ్ మన దగ్గరే చదివిద్దాం అని వెనక్కి పంపితే అక్కడ లోకల్ కోటాకి వరుసగా నాలుగేళ్ళు అక్కడే చదివుండాలి, అంటే ఇక్కడ ఫారినర్, గుంటూరులో నాన్-లోకల్. ఎక్కడి మనిషో మీరే చెప్పండి.

2. ఆడవాళ్ళు. హెచ్ ఫోర్ మీద వచ్చిన భార్యలకి 2015 దాకా ఉద్యోగం చేసే హక్కే లేదు, ఇక్కడ ఎంఎస్ చేసినవాళ్ళూ, ఇండియాలో డెంటిస్టులుగా చేసినవాళ్ళూ ఇంట్లో కూర్చున్నారు. 2015 మేలో ఈఏడీ (పని అనుమతి కార్డు) రూల్ వచ్చింది, అదీ భర్త ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయితేనే లేదా ఆరేళ్ళు దాటి ఎక్స్‌టెన్షన్ మీద ఉంటేనే. ఆ రూల్ మీద కోర్టుల్లో దాదాపు పదేళ్ళు కేసు నడిచింది, ప్రతి రెండేళ్ళకీ ఇదిగో తీసేస్తున్నారు అనే వార్త. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యూవల్‌కి పెట్టినా పాత కార్డు ఆటోమేటిక్‌గా పొడిగించడం ఆపేశారు, అంటే కొత్త కార్డు చేతికి రాకముందు పాతది ఎక్స్‌పైర్ అయితే ఆ రోజే ఉద్యోగం ఆపాలి. మేనేజర్ ఎన్నిసార్లు ఆగుతాడు? ఇంకా, భర్త మంచివాడు కాకపోతే పరిస్థితి ఊహించుకోండి, స్టేటస్ ఆయన పేరు మీద, బ్యాంకు అకౌంట్ ఆయన పేరు మీద, కొట్టినా పోలీసులకి ఫోన్ చేస్తే ఆయన వీసా పోయి మేమందరం పోతామేమో అనే భయం. మహిళా దినోత్సవానికి చీరలు కట్టుకుని ర్యాంప్ వాక్ పెడతారు, బాగుంటుంది, మేమూ వచ్చాం, కానీ ఆ రోజు ఒక టేబుల్ వేసి ఒక లాయరమ్మని, ఒక కౌన్సెలర్‌ని కూర్చోబెట్టలేరా.

3. ఉద్యోగం పోతే 60 రోజులు, ఆలోపు కొత్త ఉద్యోగం దొరకాలి లేదా దేశం వదలాలి. ఇంతే ఇక. ఇల్లు, కారు లోన్, పిల్లల స్కూల్ అన్నీ 60 రోజుల్లో తేల్చుకోవాలి.

4. అసలు మనిషే పోతే. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో ఒలేథా ఊళ్ళో మన హైదరాబాద్ ఇంజనీర్‌ని "నా దేశం నుంచి పొండి" అని అరిచి కాల్చి చంపాడు ఒకడు. మీరందరూ కొవ్వొత్తులు పట్టుకున్నారు, మేమూ పట్టుకున్నాం. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో ఎక్కువమందికి గుర్తులేదు: ఆయన చనిపోవడంతో ఆయన భార్య స్టేటస్ కూడా పోయింది, భర్త అంత్యక్రియలకి ఇండియా వెళ్ళిన ఆవిడ తిరిగి రావడమే కష్టమైంది, ఒక కాంగ్రెస్‌మాన్ పూనుకుంటే తప్ప వీలు పడలేదు. ద్వేషానికి బలైన ఇంటికే, దేశమంతా చూస్తున్న కేసులోనే ఇలా అయితే, హైవే మీద యాక్సిడెంట్‌లోనో, గుండెపోటుతోనో పోయిన మామూలు మనిషి భార్యాపిల్లల సంగతి ఆలోచించండి. గోఫండ్‌మీలో డబ్బులు పోగవుతాయి, నిజమే, మనవాళ్ళు ఆ విషయంలో చాలా గొప్పవాళ్ళు, కానీ ఆ డబ్బుతో స్టేటస్ కొనలేం కదా.

5. అమ్మానాన్నలు. అక్కడ నాన్నకి స్ట్రోక్ వస్తే వెళ్ళాలా వద్దా అని ఇక్కడ ఎక్సెల్ షీట్ వేసుకుంటున్నాం అండి, ఇది ఏడుపు కాదు, నిజం. స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా ముద్ర) గడువు అయిపోయి ఉంటే వెళ్ళినా తిరిగి రావడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కావాలి. ఇదివరకు కెనడాకో మెక్సికోకో వెళ్ళి వేయించుకునేవాళ్ళం, 2025 సెప్టెంబర్ నుంచి సొంత దేశంలోనో, చట్టబద్ధంగా నివాసం ఉంటున్న దేశంలోనో చేయించుకోమన్నారు, డిసెంబర్‌లో సోషల్ మీడియా చెకింగ్ అని చెప్పి హైదరాబాద్, చెన్నైల్లో వచ్చిన అపాయింట్‌మెంట్లని నెలల తరబడి వెనక్కి జరిపేశారు, పెళ్ళికని రెండు వారాల సెలవు మీద వెళ్ళినవాళ్ళు అక్కడే ఇరుక్కుపోయారు. దాంతో వెళ్ళడమే మానేశారు చాలామంది. వీడియో కాల్‌లో తలకొరివి చూసిన కొడుకులు మీ సంఘాల్లోనే ఉన్నారు, అడగండి.

6. పుట్టబోయేవాళ్ళు. 2025 జనవరి 20న వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ప్రకారం, 30 రోజుల తర్వాత పుట్టే పిల్లల్లో తల్లి టెంపరరీ వీసా మీద ఉండి, తండ్రి సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే ఆ పిల్లలకి పౌరసత్వం లేదన్నారు, అంటే సూటిగా మన హెచ్ వన్ జంటలు. ఆ లెక్కన తేదీ ఫిబ్రవరి 19. కోర్టులు ఆపబట్టి ఆ రోజు నుంచి అమలు కాలేదు, కానీ ఆ నెలరోజులు డెలివరీ ముందుకి జరపడం కుదురుతుందా అని మన గర్భిణీలు డాక్టర్లని అడిగారని పేపర్లలో వచ్చింది. 1923లో సరిగ్గా ఇదే ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థింద్ కేసులో ఇండియన్లు తెల్లవాళ్ళు కాదు కాబట్టి సిటిజన్‌షిప్‌కి పనికిరారు అని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, ఇచ్చిన పౌరసత్వాలు కూడా వెనక్కి లాక్కున్నారు. వైష్ణో దాస్ బగాయ్ అనే ఆయన సాన్‌ఫ్రాన్సిస్కోలో షాపు, ఇల్లు పెట్టుకుని బతికినవాడు, పౌరసత్వం లాగేసుకున్నాక 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు.

థింద్ కథ ఊరికే ఎత్తలేదు. అప్పుడు ఈ దేశంలో ఎంతమంది ఇండియన్లు ఉన్నారనుకున్నారు? 1940 జనాభా లెక్కల్లో 2,405 మంది. ఇప్పుడు మీ కన్వెన్షన్‌లో ఒక్క బాంక్వెట్ డిన్నర్‌కే అంతకంటే ఎక్కువమంది వస్తారు. ఆ 2,405 మందిలో చాలామందికి ఓటు లేదు, పంజాబీ రైతులు, కొద్దిమంది వ్యాపారులు, విద్యార్థులు. అయినా జె.జె. సింగ్ లాంటివాళ్ళు ఇండియా లీగ్‌ని ముందుండి నడిపి వాషింగ్టన్‌లో ఆఫీసుల గుమ్మాలెక్కి దిగి 1946లో లూస్-సెల్లర్ చట్టం తెప్పించారు, ఏడాదికి వంద మందికే వీసా, కానీ పౌరసత్వం తీసుకునే హక్కు వచ్చింది. ఆ హక్కుతోనే సిటిజన్ అయిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో ఏకంగా కాంగ్రెస్‌కి గెలిచాడు. ఓటు లేకుండా 2,405 మంది జనాభాతో వాళ్ళు అది చేస్తే, ఓట్లు, డాక్టర్లు, కంపెనీ ఓనర్లు, కౌంటీ కమిషన్లలో స్నేహితులు అన్నీ ఉన్న మీరు ఒక తీర్మానం చేయడానికి ఆలోచిస్తున్నారు.

మీరు చెప్పే కారణాలు కూడా విన్నాం, వాటికి మా జవాబు.

"మాది 501(సీ)(3) సంస్థ (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ), పాలిటిక్స్ కుదరదు." ఇది సగమే నిజం అండి. ఫలానా అభ్యర్థికి ఓటేయండి అనకూడదు, అది నిషేధం. ఒక బిల్లు గురించి మాట్లాడటం, సభ్యులకి వివరించడం, కాంగ్రెస్‌కి లేఖ రాయడం నిషేధం కాదు, కొంతవరకు లాబీయింగ్ కూడా చేయొచ్చు, మొత్తం పనిలో అది పెద్ద భాగం కాకూడదు అంతే. 501(హెచ్) అనే పద్ధతిని ఎంచుకుంటున్నామని ఫారం ఫైల్ చేస్తే ఎంత ఖర్చు పెట్టొచ్చో లెక్క కూడా రాసిపెట్టి ఉంది, మీ సీపీఏని (అకౌంటెంట్‌ని) అడగండి, మన సంఘాల్లో సీపీఏలకి కొదవా. అయినా ఆంధ్రా, తెలంగాణ మంత్రుల్ని, ఎమ్మెల్యేల్ని స్టేజ్ ఎక్కించి జై కొట్టించినప్పుడు, కండువాలు కప్పినప్పుడు రాని పాలిటిక్స్ భయం మా పిల్లల దగ్గరికి వచ్చేసరికే ఎందుకొస్తుందో.

"మేమూ లైన్లో నిలబడే తెచ్చుకున్నాం." నిలబడ్డారు, కష్టపడ్డారు, కాదనం. మీ రోజుల్లో లైన్ చివర కనపడేది. మీ పిల్లలకి 21 వచ్చేలోపు మీకు కార్డొచ్చింది. మా సీనియర్లలో 2012లో ఫైల్ చేసినవాళ్ళ పిల్లలు అప్పుడు ఎలిమెంటరీ స్కూల్, ఇప్పుడు కాలేజీ అయిపోతోంది.

"ఇల్లీగల్స్ వల్లే మీకు రావట్లేదు." ఇది వాట్సాప్ మాట, మీ నోటి నుంచి వింటే బాధేసింది. మన లైన్ ఆగింది పేపర్లు లేకుండా వచ్చినవాళ్ళ వల్ల కాదు, ఈ 1,40,000 కోటా వల్ల, ఏడు శాతం పరిమితి వల్ల. 2012 జూన్ 15న ప్రకటించిన డాకాకి (చిన్నప్పుడు వచ్చి పేపర్లు లేకుండా పెరిగిన పిల్లల్ని వెనక్కి పంపకుండా ఆపే పథకం) అర్హత ఏంటంటే ఆ రోజుకి లీగల్ స్టేటస్ ఉండకూడదు, అంటే లీగల్‌గా తెచ్చినందుకే మన పిల్లలు అందులో లేరు. ఇది ఆ నియమం రాసినవాళ్ళ లోపం, డాకా దక్కిన పిల్లల తప్పు కాదు. వాళ్ళ సంఘాలు వీధుల్లోకి వచ్చి అడిగాయి, మనవి అడగలేదు. తేడా అక్కడుంది.

"బిల్లు ఎలాగూ పాస్ కాదు." దీంట్లో కొంత నిజం ఉంది కాబట్టి నిజాయితీగా మాట్లాడుకుందాం. 2019 జూలైలో ఏడు శాతం పరిమితి తీసేసే బిల్లు హౌస్‌లో 365-65తో పాసైంది, 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా పాస్ చేసింది, కానీ రెండు వెర్షన్లు వేరు, కలిపేలోపు ఆ కాంగ్రెస్ గడువు అయిపోయింది. 2022 డిసెంబర్‌లో అలాంటిదే ఇంకో బిల్లు, ఈగిల్ యాక్ట్‌ని ఓటింగ్ దాకా తెచ్చి వెనక్కి తీసుకున్నారు. ఎందుకు అడ్డుపడ్డారంటే, మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రం తీస్తే ఏళ్ళ తరబడి కార్డులు ఎక్కువభాగం మనకే వస్తాయి, ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళూ ఫిలిప్పీన్స్ నర్సులూ ఆగిపోతారు. వాళ్ళ బాధ కూడా బాధే. అందుకే మేము ముందు పిల్లల విషయం పట్టుకోమంటున్నాం. అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అని సెనేటర్లు డెమోక్రాట్ అలెక్స్ పడియా, రిపబ్లికన్ రాండ్ పాల్ కలిసి తెచ్చిన బిల్లు ఉంది, 21 దాటినా తల్లిదండ్రుల కేసులోనే పిల్లలు ఉండేలా, ఇక్కడ పెరిగి డిగ్రీ చేసినవాళ్ళకి గ్రీన్‌కార్డు దారి ఉండేలా. రెండు పార్టీల వాళ్ళూ సంతకం పెట్టిన బిల్లుకి మీరు మద్దతిస్తే ఏ పార్టీ వాళ్ళు మీ మీద అలుగుతారు?

అందుకని మా డిమాండ్లు ఇవి. బతిమాలటం అయిపోయింది కాబట్టి డిమాండ్లనే అంటున్నాం, మర్యాదకి లోటు లేకుండానే.

ఒకటి, అన్ని తెలుగు సంఘాలు కలిసి ఒకే లేఖ మీద సంతకం పెట్టాలి: అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్‌కి మద్దతు, పిల్లల వయసు లెక్కలో 2023 పద్ధతి మళ్ళీ తేవాలి, హెచ్ ఫోర్ ఈఏడీ రెన్యూవల్‌కి పొడిగింపు మళ్ళీ ఇవ్వాలి. సంఘం చీలితే కొత్త సంఘానికి లెటర్‌హెడ్ వారంలో తయారవుతుంది, దీనికి నెల ఇస్తున్నాం.

రెండు, వచ్చే కన్వెన్షన్‌లో మెయిన్ స్టేజ్ మీద, సాయంత్రం, సంగీత విభావరికి ముందు ఒక గంట. లాయర్ల ప్రెజెంటేషన్ వద్దు, ఏజ్-అవుట్ అయిన పిల్లలు మాట్లాడతారు. ఫొటోకి వచ్చే సెనేటర్ అయినా మేయర్ అయినా ఆ గంట అక్కడ కూర్చోవాలి, చివర్లో మా ప్రశ్నకి జవాబు చెప్పాలి. జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు అని 2024లో మనం ఎంత సంబరపడ్డామో గుర్తుంది కదా, మేరీలాండ్‌లో హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్ అయితే పంచుకోని గ్రూప్ లేదు. సంబరం సరే, వాళ్ళ ఆఫీసులకి ఒక్క మెమొరాండం వెళ్ళిందా?

మూడు, బోర్డుల్లో వీసా మీద ఉన్నవాళ్ళకి కనీసం రెండు సీట్లు, అందులో ఒకటి హెచ్ ఫోర్ మీద ఉన్న మహిళకి.

నాలుగు, ఉద్యోగం పోయి 60 రోజుల్లో ఉన్నవాళ్ళకి, భర్త పోయినవాళ్ళకి, ఇంట్లో హింస పడుతున్న ఆడవాళ్ళకి లాయర్ ఫీజు కట్టే ఒక ఫండ్. డెకరేషన్ బడ్జెట్‌లో పదో వంతు పెట్టినా సరిపోతుంది, ఎంత పెట్టారో ఏటా లెక్క చూపించాలి.

ఐదు, ఇది మా కోసం కాదు, మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కోసమే. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు ఐదేళ్ళు అయ్యాక సిటిజన్‌షిప్‌కి పెట్టుకుందామంటే 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్ళకి సివిక్స్ టెస్ట్ మారింది, 128 ప్రశ్నల్లోంచి 20 అడుగుతారు, 12 కరెక్ట్ చెప్పాలి, అదీ మామూలుగా ఇంగ్లీష్‌లోనే. వయసు, ఇక్కడ ఉన్న ఏళ్ళని బట్టి ఇంగ్లీష్ మినహాయింపులు ఉన్నాయి, 50 దాటి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్ళు, 55 దాటి 15 ఏళ్ళు, కానీ అరవైల్లో వచ్చినవాళ్ళకి అవి ఎప్పుడు దక్కుతాయి. గుళ్ళల్లో, కమ్యూనిటీ హాళ్ళల్లో ప్రతి శనివారం తెలుగులో చెప్పే సిటిజన్‌షిప్ క్లాస్ పెట్టండి, పక్కనే వోటర్ రిజిస్ట్రేషన్ టేబుల్ వేయండి. సిటిజన్ అయ్యి కూడా ప్రైమరీల్లో, స్కూల్ బోర్డు ఎలక్షన్లలో ఓటేయని తెలుగువాళ్ళు మన సబ్‌డివిజన్లలోనే బోలెడుమంది, ఆ ఓట్లు పడితేనే మా మాటకి బరువు.

ఈ లేఖ మీద సంతకం పేర్లతో పెట్టకపోవడానికి కారణం మీకు తెలుసు, స్టాంపింగ్‌కి వెళ్ళాల్సినవాళ్ళం. మీ జవాబు మాత్రం పేరుతో, సంఘం లెటర్‌హెడ్ మీద, అందరికీ కనపడేలా ఇవ్వండి. వచ్చే కన్వెన్షన్ రిజిస్ట్రేషన్లు తెరిచేలోపు జవాబు రాకపోతే ఈసారి పార్కింగ్‌కి, వంటకి, రిజిస్ట్రేషన్ డెస్క్‌కి మా కుటుంబాల నుంచి వాలంటీర్లు రారు, హాల్ బయట పిల్లలతో కలిసి ప్లకార్డులు పట్టుకుని నిలబడతాం, పర్మిషన్ తీసుకునే.

ఇట్లు,
గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న తెలుగు తల్లిదండ్రులు,
ఏజ్-అవుట్ అయిన, అవబోతున్న వాళ్ళ పిల్లలు